డైవర్టిక్యులైటిస్ - పెద్దప్రేగులో వచ్చే స్థానాలు

డైవర్టిక్యులైటిస్ అనేది పెద్దప్రేగు గోడలో ఏర్పడిన చిన్న చిన్న తిత్తులకు శోథ కలగడం వలన వచ్చే వ్యాధి. ఈ తిత్తులు పెద్దప్రేగు పొడవునా ఎక్కడైనా ఏర్పడవచ్చును గానీ అన్ని చోట్లా సమానంగా ఏర్పడవు. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో ఈ వ్యాధి ఎక్కువగా పొత్తికడుపు ఎడమవైపున ఉండే సిగ్మాయిడ్ కోలన్‌లో వస్తుంది. జపాన్, కొరియా, చైనా వంటి తూర్పు ఆసియా దేశాలలో ఎక్కువగా కుడివైపున ఉండే అంధనాళంలోను, ఆరోహణ కోలన్‌లోను వస్తుంది. వ్యాధి ఎంతమందికి వస్తుందనేది వయసు, ఆహారం, జీవన విధానాలను బట్టి మారుతున్నది. ఏ వైపున వస్తుందనేది మాత్రం చాలావరకు వంశపారంపర్య లక్షణాలను బట్టి ఉంటున్నదని ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. వైద్యులకు ఈ స్థానభేదం ముఖ్యమైనది. కుడివైపు వచ్చిన డైవర్టిక్యులైటిస్‌ను అపెండిసైటిస్‌గా పొరబడి, అవసరం లేని శస్త్రచికిత్స చేసే అవకాశం ఉన్నది.

తిత్తులు, వాటి శోథ

పెద్దప్రేగు గోడలో లోపలి నుండి వెలుపలికి వరుసగా శ్లేష్మపు పొర, దాని క్రింది పొర, కండరపు పొర, వెలుపలి పొర ఉంటాయి. కండరపు పొర బలహీనంగా ఉన్న చోట లోపలి పొరలు వెలుపలికి ఉబికి చిన్న తిత్తిలాగా ఏర్పడతాయి. ఈ తిత్తినే డైవర్టిక్యులం అంటారు. గోడలోని అన్ని పొరలూ కలిసి ఉబికితే దానిని నిజ తిత్తి అనీ, కండరపు పొర లేకుండా లోపలి పొరలు మాత్రమే ఉబికితే దానిని మిథ్యా తిత్తి అనీ అంటారు. పెద్దప్రేగులో కనిపించేవి చాలావరకు మిథ్యా తిత్తులే.

తిత్తులు ఉండి, ఏ బాధా లేని స్థితిని డైవర్టిక్యులోసిస్ అంటారు. ఆ తిత్తులలో శోథ ఏర్పడితే అది డైవర్టిక్యులైటిస్ అవుతుంది. ఈ రెండు పదాలను వేరుగా గుర్తించడం అవసరం. తిత్తులు ఉన్నవారిలో నాలుగింట ఒక వంతు వరకు శోథకు గురవుతారని పూర్వం భావించేవారు. కోలనోస్కోపీ పరీక్షలు విస్తృతమైన తరువాత, ఏ బాధా లేనివారిలో కూడా తిత్తులు చాలామందికి ఉన్నట్లు తెలిసింది. తిత్తులు ఉన్నవారిలో సుమారు 5 శాతం కంటే తక్కువమందే శోథకు గురవుతారని 2013లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది.

పెద్దప్రేగు భాగాలు

స్థానభేదాన్ని అర్థం చేసుకోవడానికి పెద్దప్రేగు అమరిక తెలియాలి. సుమారు ఒకటిన్నర మీటరు పొడవున్న పెద్దప్రేగు పొట్టలో చిన్నప్రేగు చుట్టూ ఒక చట్రంలాగా అమరి ఉంటుంది. దాని భాగాలు వరుసగా ఇవి:

- అంధనాళం: చిన్నప్రేగు వచ్చి కలిసే చోట, పొత్తికడుపు కుడివైపున ఉండే వెడల్పైన సంచివంటి భాగం. ఉండుకం, అనగా అపెండిక్స్, దీనికే అంటుకొని ఉంటుంది.
- ఆరోహణ కోలన్: అంధనాళం నుండి కుడి ప్రక్కగా పైకి కాలేయం వరకు వెళ్ళే భాగం.
- అడ్డు కోలన్: కుడి నుండి ఎడమకు పొట్టకు అడ్డంగా సాగే భాగం.
- అవరోహణ కోలన్: ఎడమ ప్రక్కగా క్రిందికి దిగే భాగం.
- సిగ్మాయిడ్ కోలన్: పొత్తికడుపు ఎడమవైపున మెలిక తిరిగి ఉండే సన్నని భాగం.
- పురీషనాళం: చివరి భాగం.

వైద్య గ్రంథాలలో కుడివైపు వ్యాధి అంటే సాధారణంగా అంధనాళం, ఆరోహణ కోలన్‌లలో వచ్చేది. ఎడమవైపు వ్యాధి అంటే అవరోహణ కోలన్, సిగ్మాయిడ్ కోలన్‌లలో వచ్చేది. అడ్డు కోలన్‌లో డైవర్టిక్యులైటిస్ అరుదు. పురీషనాళంలో ఇంకా అరుదు.

తిత్తులు ఏర్పడే విధానం

పెద్దప్రేగుకు రక్తాన్ని అందించే సన్నని ధమనులు కండరపు పొరను చీల్చుకొని లోపలికి వెళతాయి. అవి దూరే చోట కండరంలో సహజంగానే చిన్న సందు ఉంటుంది. లోపలి ఒత్తిడి పెరిగినపుడు శ్లేష్మపు పొర ఆ సందు గుండానే వెలుపలికి తోసుకొని వస్తుంది. అందువల్ల తిత్తులు గోడ మీద ఎక్కడపడితే అక్కడ కాక, రక్తనాళాలు దూరే వరుసలలోనే కనిపిస్తాయి. తిత్తి మెడ ప్రక్కనే ధమని ఉండడం చేత కొందరిలో తిత్తి నుండి రక్తస్రావం కూడా అవుతుంది.

పెద్దప్రేగు వెలుపలి వైపున నిలువు కండరాలు పూర్తి పొరగా కాక మూడు పట్టీలుగా ఉంటాయి. తిత్తులు ఈ పట్టీల మధ్య ఉన్న ఖాళీలలో ఏర్పడతాయి. పురీషనాళం వద్దకు వచ్చేసరికి ఈ మూడు పట్టీలు విస్తరించి, కలిసిపోయి, నాళం చుట్టూ పూర్తి తొడుగుగా మారతాయి. పురీషనాళంలో తిత్తులు అరుదుగా ఉండడానికి ఇదే కారణం.

సిగ్మాయిడ్ కోలన్‌లో తిత్తులు ఎక్కువగా ఏర్పడడానికి భౌతికశాస్త్రంలోని లాప్లాస్ నియమం ఆధారంగా వివరణ ఇస్తారు. ఈ నియమం ప్రకారం, గోడ ఒకే బిగువుతో ఉన్నపుడు నాళం ఎంత సన్నగా ఉంటే దానిలోపలి ఒత్తిడి అంత ఎక్కువగా ఉంటుంది. పెద్దప్రేగులో సిగ్మాయిడ్ కోలన్ సన్నని భాగం. పైగా అక్కడికి చేరేసరికి మలం గట్టిపడి ఉంటుంది. దానిని ముందుకు నెట్టడానికి కండరాలు బలంగా ముడుచుకొన్నపుడు, ప్రేగు చిన్న చిన్న గదులుగా విడిపోయి ఒక్కొక్క గదిలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. బ్రిటిష్ శస్త్రవైద్యుడు నీల్ పెయింటర్ 1960వ దశకంలో సిగ్మాయిడ్ కోలన్‌లోని ఒత్తిడులను కొలిచి ఈ విషయాన్ని వివరించాడు.

అయితే ఈ వివరణ ఎడమవైపు వ్యాధికి సరిపోయినంత బాగా కుడివైపు వ్యాధికి సరిపోదు. అంధనాళం వెడల్పైనది, అక్కడ మలం ఇంకా ద్రవరూపంలోనే ఉంటుంది. కనుక కుడివైపు తిత్తులకు వేరే కారణాలు వెతకవలసి వచ్చింది. పూర్వం అంధనాళంలోని తిత్తులన్నీ పుట్టుకతో వచ్చే ఒంటరి నిజ తిత్తులని భావించేవారు. తరువాత సూక్ష్మదర్శినితో పరిశీలించగా, కుడివైపు తిత్తులలో కూడా చాలావరకు మిథ్యా తిత్తులేననీ, ఒకటి కంటే ఎక్కువ ఉండడం సాధారణమేననీ తెలిసింది. 1983లో జపాన్ శస్త్రవైద్యులు కుడివైపు తిత్తులు ఉన్నవారి ఆరోహణ కోలన్‌లో కదలికలను, ఒత్తిడిని కొలిచి, అవి అసాధారణంగా ఉన్నట్లు ప్రకటించారు. అనగా కుడివైపున కూడా ఒత్తిడికి పాత్ర ఉన్నది. కొందరిలో మాత్రమే అక్కడి గోడ ఆ ఒత్తిడికి ఎందుకు లొంగుతుందన్నది అసలు ప్రశ్న.

పాశ్చాత్య దేశాలలో

ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ లిట్రే 1700 ప్రాంతంలోనే పెద్దప్రేగు తిత్తులను వర్ణించాడు. 1849లో జీన్ క్రువేల్యే ఇంకా వివరంగా వర్ణించాడు. అయినా పందొమ్మిదవ శతాబ్దమంతా ఇది అరుదైన విశేషంగానే ఉండేది. ఇరవయ్యవ శతాబ్దంలో ఐరోపా, అమెరికాలలో ఇది సర్వసాధారణ వ్యాధిగా మారింది. నేడు అక్కడ 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు సగంమందికి తిత్తులు ఉంటాయి.

పాశ్చాత్యులలో తిత్తులు ఉన్నవారిని పరిశీలిస్తే, సుమారు 95 శాతం మందిలో సిగ్మాయిడ్ కోలన్‌లో తిత్తులు కనిపిస్తాయి. కొందరిలో అవి సిగ్మాయిడ్‌కే పరిమితమై ఉంటాయి. మరికొందరిలో అవరోహణ కోలన్ వరకు, ఇంకొందరిలో మొత్తం కోలన్ అంతటా విస్తరించి ఉంటాయి. కుడివైపు మాత్రమే తిత్తులు ఉండి, అక్కడ శోథ రావడం చాలా తక్కువ.

తూర్పు ఆసియా దేశాలలో

అంధనాళంలో వచ్చే డైవర్టిక్యులైటిస్‌ను మొదటిసారిగా 1912లో ఫ్రెంచి వైద్యుడు పోటియే వర్ణించాడు. ఐరోపాలో అరుదుగా భావించిన ఈ రూపమే జపాన్, కొరియా, చైనా, తైవాన్, సింగపూర్‌లలో సాధారణ రూపమని తరువాతి దశాబ్దాలలో తేలింది. జపాన్‌లోని పలు ఆసుపత్రులలో డైవర్టిక్యులైటిస్ రోగుల వివరాలను సేకరించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 70 శాతం మందిలో వ్యాధి కుడివైపున ఉన్నది.

రెండు రూపాల మధ్య స్థానంతో పాటు మరికొన్ని తేడాలు కూడా ఉన్నాయి. కుడివైపు వ్యాధి సాధారణంగా నడివయసులోను, అంతకంటే చిన్న వయసులోను వస్తుంది. ఎడమవైపు వ్యాధి వయసు పైబడిన కొద్దీ ఎక్కువవుతుంది. కుడివైపు శోథ చాలావరకు తేలికగా ఉండి, మందులతో తగ్గుతుంది. ప్రేగుకు రంధ్రం పడడం, చీముగడ్డలు ఏర్పడడం వంటి చిక్కులు ఎడమవైపు వ్యాధిలో ఎక్కువ. రక్తస్రావం విషయంలో పరిస్థితి భిన్నంగా ఉంటుంది. తిత్తులు ఎక్కువగా ఎడమవైపున ఉండే పాశ్చాత్యులలో కూడా, తీవ్రంగా రక్తం స్రవించేవి చాలా సందర్భాలలో కుడివైపు తిత్తులే అయి ఉంటాయి.

కారణాలు: ఆహారమా, వంశపారంపర్యమా

స్థానభేదానికి కారణం ఆహారమా లేక పుట్టుకతో వచ్చే లక్షణమా అన్నది చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. ఉగాండాలో చాలా సంవత్సరాలు పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, ఆఫ్రికా గ్రామీణులలో పెద్దప్రేగు తిత్తులు దాదాపు కనిపించకపోవడాన్ని గమనించాడు. 1971లో బర్కిట్, పెయింటర్ కలిసి, పీచుపదార్థం లేని ఆహారమే ఈ వ్యాధికి మూలకారణమని ప్రతిపాదించారు. గోధుమపొట్టు తీసివేసిన మెత్తని పిండి, చక్కెర వాడకం పెరగడం వలన మలం చిన్నదై, గట్టిపడి, సిగ్మాయిడ్‌లో ఒత్తిడి పెరుగుతుందని వారి వాదం. ఈ సిద్ధాంతం ప్రపంచమంతటా వైద్యుల ఆలోచనను ప్రభావితం చేసింది.

ఆహారమే అన్నిటికీ కారణమైతే, ఆసియావారు పాశ్చాత్య ఆహారానికి అలవాటు పడినపుడు వారికి కూడా వ్యాధి ఎడమవైపున రావాలి. దీనిని పరీక్షించడానికి సహజమైన అవకాశం హవాయి దీవులలో దొరికింది. అక్కడ జపాన్ నుండి వలస వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి, అమెరికా ఆహారపు అలవాట్లకు దగ్గరయ్యాయి. హవాయిలోని జపాన్ సంతతివారి మృతదేహాలను పరీక్షించి 1973లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో తిత్తులు సాధారణంగా ఉన్నట్లు తేలింది. కానీ ఆ తిత్తులు పూర్వీకుల దేశంలో లాగానే కుడివైపున అధికంగా ఉన్నాయి. ఆహారం మారినా వ్యాధి స్థానం మారలేదన్నమాట.

వలస వలన వ్యాధి సంభావ్యత మారుతుందని స్వీడన్‌లో 2006లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. పాశ్చాత్యేతర దేశాల నుండి వచ్చినవారిలో, స్వీడన్‌లో పుట్టినవారితో పోలిస్తే, ఈ వ్యాధితో ఆసుపత్రిలో చేరేవారు తక్కువ. అయితే వారు స్వీడన్‌లో నివసించిన కాలం పెరిగినకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది. కవలలపై జరిగిన అధ్యయనాలు వంశపారంపర్య పాత్రను అంచనా వేశాయి. ఈ వ్యాధి వచ్చే అవకాశంలో వంశపారంపర్యం వాటా స్వీడన్ కవలల అధ్యయనంలో 2012లో సుమారు 40 శాతంగాను, డెన్మార్క్ కవలల అధ్యయనంలో 2013లో సుమారు 53 శాతంగాను తేలింది. 2017లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఈ వ్యాధితో సంబంధం ఉన్న కొన్ని జన్యు స్థానాలను గుర్తించారు.

బర్కిట్, పెయింటర్‌ల సిద్ధాంతానికి 2012లో మరో సవాలు ఎదురయ్యింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో కోలనోస్కోపీ చేయించుకొన్న 2,104 మందిని పరిశీలించగా, పీచుపదార్థం ఎక్కువగా తిన్నవారిలో తిత్తులు తక్కువగా లేకపోగా ఎక్కువగానే ఉన్నాయి. కానీ శోథ విషయం వేరు. 2011లో బ్రిటన్‌లో ప్రచురితమైన, సుమారు 47,000 మందిపై జరిపిన అధ్యయనంలో, తిత్తుల వ్యాధితో ఆసుపత్రిలో చేరే ప్రమాదం శాకాహారులలో 31 శాతం తక్కువగా ఉన్నది. వీటిని కలిపి చూస్తే, తిత్తి ఏర్పడడానికి దోహదపడే కారణాలు, ఏర్పడిన తిత్తికి శోథ రావడానికి దోహదపడే కారణాలు ఒకటే కానవసరం లేదని తెలుస్తుంది.

కాలక్రమంలో మార్పులు

పాశ్చాత్య దేశాలలో వ్యాధి స్థానం మారలేదు గానీ, వ్యాధికి గురయ్యేవారి వయసు మారుతున్నది. 1998 నుండి 2005 వరకు అమెరికాలో తీవ్రమైన డైవర్టిక్యులైటిస్‌తో ఆసుపత్రులలో చేరినవారి సంఖ్య 26 శాతం పెరిగింది. 18 నుండి 44 సంవత్సరాల వయసువారిలో ఈ రేటు 82 శాతం పెరిగింది. వృద్ధుల వ్యాధిగా పేరుపడినది యువకులలో కూడా కనిపించసాగింది. స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం, పొగత్రాగడం వ్యాధి ముప్పును పెంచుతాయని పలు అధ్యయనాలు తెలిపాయి.

జపాన్‌లో తిత్తులు ఉన్నవారి సంఖ్యే పెరిగింది. కోలనోస్కోపీ చేయించుకొన్న 62,503 మందిపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1990-2000 మధ్య 13 శాతం మందిలో తిత్తులు ఉండగా, 2001-2010 మధ్య అది 23.9 శాతానికి చేరింది. అక్కడ కుడివైపు తిత్తులు నడివయసుకే కనిపిస్తాయి. వయసు పెరిగినకొద్దీ ఎడమవైపు తిత్తులు కూడా వచ్చి చేరుతాయి. అందువల్ల జనాభాలో వృద్ధుల నిష్పత్తి పెరిగేకొద్దీ, తూర్పు ఆసియాలో ఎడమవైపు వ్యాధి, రెండువైపులా వచ్చే వ్యాధి కూడా వైద్యులు ఎదుర్కోవలసిన సమస్యలవుతున్నాయి. జపాన్ వృద్ధులలో ఎడమవైపు శోథ వచ్చినపుడు, అది పాశ్చాత్యులలో లాగానే చిక్కులకు దారితీసే అవకాశం ఎక్కువ.

లక్షణాలు, వ్యాధి నిర్ధారణ

పొత్తికడుపులో ఒక వైపున నిలకడగా ఉండే నొప్పి, జ్వరం, రక్తంలో తెల్లకణాలు పెరగడం డైవర్టిక్యులైటిస్ ముఖ్య లక్షణాలు. కొందరిలో మలబద్ధకం గానీ, విరేచనాలు గానీ ఉంటాయి. ఎడమవైపు వచ్చే నొప్పిని చూసి, అందులోనూ వయసు మళ్ళినవారిలో, వైద్యులు ఈ వ్యాధిని సులభంగానే అనుమానిస్తారు.

కుడివైపు వస్తే చిక్కు మొదలవుతుంది. అంధనాళం, ఉండుకం ప్రక్కప్రక్కనే ఉంటాయి. తెలుగునాట వాడుకలో ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అని పిలిచే అపెండిసైటిస్‌లో కూడా నొప్పి అక్కడే వస్తుంది. రెండింటిలోనూ జ్వరం ఉంటుంది, తెల్లకణాలు పెరుగుతాయి, ముట్టుకొంటే నొప్పి ఉంటుంది. కొన్ని తేడాలు మాత్రం గమనించవచ్చును. అపెండిసైటిస్‌లో నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తరువాత కుడివైపుకు దిగుతుంది. కుడివైపు డైవర్టిక్యులైటిస్‌లో నొప్పి మొదటి నుండీ కుడివైపునే ఉంటుంది. వికారం, వాంతులు తక్కువ. ఈ తేడాలు సహాయపడతాయే గానీ వాటి మీదనే ఆధారపడి వ్యాధిని నిర్ధారించలేరు.

సీటీ స్కాన్ అందుబాటులోకి రాకముందు, కుడివైపు డైవర్టిక్యులైటిస్ చాలామందిలో శస్త్రచికిత్స బల్ల మీదనే బయటపడేది. అపెండిసైటిస్ అనుకొని పొట్ట తెరిచిన వైద్యునికి ఆరోగ్యంగా ఉన్న ఉండుకం, దాని ప్రక్కన వాచి గట్టిపడిన అంధనాళం కనిపించేవి. ఆ గట్టిదనం క్యాన్సర్ గడ్డను పోలి ఉండడం వలన, పెద్దప్రేగు కుడి భాగం మొత్తాన్ని తొలగించిన సందర్భాలు కూడా ఉన్నాయి. మందులతో తగ్గే జబ్బుకు ఇంత పెద్ద శస్త్రచికిత్స జరగడమే స్థానభేదాన్ని గుర్తించకపోవడం వలన కలిగే నష్టం. నేడు సీటీ స్కాన్, అల్ట్రాసౌండ్ పరీక్షలలో వాచిన తిత్తిని, దాని చుట్టూ ఉన్న కొవ్వులోని మార్పులను, మామూలుగా ఉన్న ఉండుకాన్ని చూసి రెండు వ్యాధులనూ వేరుచేయగలుగుతున్నారు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరగవచ్చును. కొందరిలో సిగ్మాయిడ్ కోలన్ పొడవుగా ఉండి, దాని మెలిక కుడివైపుకు వాలి ఉంటుంది. అటువంటివారిలో సిగ్మాయిడ్‌కు శోథ వచ్చినా నొప్పి కుడివైపునే తెలుస్తుంది. కనుక నొప్పి ఉన్న వైపే వ్యాధి ఉన్న భాగమని నిశ్చయంగా చెప్పలేము.

చికిత్స

వ్యాధి తీవ్రతను వర్గీకరించడానికి 1978లో కెనడా వైద్యుడు హించే, అతని సహచరులు ప్రతిపాదించిన పద్ధతి ప్రసిద్ధమైనది. మొదటి దశలో చీముగడ్డ ప్రేగు ప్రక్కనే పరిమితమై ఉంటుంది. రెండవ దశలో అది కటి ప్రాంతానికి లేదా దూరానికి వ్యాపిస్తుంది. మూడవ దశలో చీము, నాల్గవ దశలో మలం పొట్టలోపలి పొర అంతటా వ్యాపిస్తాయి. చివరి రెండు దశలు ప్రాణాపాయకరమైనవి, అత్యవసర శస్త్రచికిత్స అవసరమైనవి. చిన్న చీముగడ్డలు సూక్ష్మజీవనాశక మందులతో తగ్గుతాయి. పెద్దవాటిని సన్నని గొట్టం ద్వారా ఖాళీ చేస్తారు.

చిక్కులు లేని శోథకు విశ్రాంతి, తేలికైన ఆహారం, నొప్పి తగ్గించే మందులు, అవసరాన్ని బట్టి సూక్ష్మజీవనాశక మందులు ఇస్తారు. ఈ మందులు లేకుండానే చాలామంది కోలుకొంటారని స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 623 మందిపై జరిపి 2012లో ప్రచురించిన పరీక్ష, నెదర్లాండ్స్‌లో 528 మందిపై జరిపి 2017లో ప్రచురించిన పరీక్ష తెలిపాయి. అయితే ఈ రెండు పరీక్షలూ ఎడమవైపు వ్యాధి ఉన్న రోగులపై జరిగినవి. పాశ్చాత్య దేశాల మార్గదర్శకాలు చాలావరకు ఎడమవైపు వ్యాధి అనుభవం మీద ఆధారపడినవి కాబట్టి, వాటిని కుడివైపు వ్యాధికి యథాతథంగా వర్తింపజేయలేము. కుడివైపు శోథ మందులతోనే తగ్గుతుందనీ, తిరగబెట్టడం తక్కువనీ ఆసియా వైద్యుల అనుభవం చెబుతున్నది. అందుచేత ముందు జాగ్రత్తగా ప్రేగును తొలగించవలసిన అవసరం అక్కడ అరుదుగా వస్తుంది.

శోథ తగ్గిన ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత, ఇటీవల కోలనోస్కోపీ చేయించుకోనివారికి ఆ పరీక్ష చేయడం ఆనవాయితీ. స్కాన్‌లో డైవర్టిక్యులైటిస్‌లాగా కనిపించినది కొన్నిసార్లు క్యాన్సర్ కావచ్చును. శోథ ఉధృతంగా ఉన్నపుడు ఈ పరీక్ష చేస్తే ప్రేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉన్నందున కొంతకాలం ఆగుతారు.

ఆహారం గురించిన అపోహ

గింజలు, విత్తనాలు తిత్తులలో ఇరుక్కొని శోథను కలిగిస్తాయనే నమ్మకంతో, తిత్తులు ఉన్నవారిని పల్లీలు, మొక్కజొన్న వంటివి మానివేయమని వైద్యులు చాలాకాలం సలహా ఇచ్చేవారు. అమెరికాలో 47,228 మంది పురుషులను 18 సంవత్సరాలపాటు పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నమ్మకానికి ఆధారం దొరకలేదు. గింజలు, పేలాలు ఎక్కువగా తిన్నవారిలో శోథ ఎక్కువగా రాకపోగా, కొంత తక్కువగానే వచ్చింది. పీచుపదార్థం ఉన్న ఆహారం, వ్యాయామం, బరువు అదుపులో ఉంచుకోవడం, పొగత్రాగడం మానడం శోథ ముప్పును తగ్గించేవిగా నేడు గుర్తింపు పొందాయి. వంశపారంపర్యంగా వచ్చిన స్థానాన్ని ఇవి మార్చలేకపోయినా, తిత్తులు ఉన్నంత మాత్రాన శోథ తప్పదనే భయాన్ని మాత్రం తొలగిస్తాయి.